లాగే బలం – మోసే బలం

మానవుడు సహజంగా సంచారప్రియుడు. అయితే దూరప్రయాణంలో సైతం ఇంటి సౌకర్యాలను విడువలేని స్వభావమూ అతనిదే. ఈ రెండు కోరికల కలయిక నుండి పుట్టినదే ట్రావెల్ ట్రైలర్. ఇది సొంత ఇంజను లేని చక్రాల ఇల్లు. పడకలు, వంటగది, స్నానపుగది, నీటితొట్టెలు ఇందులో అమరి ఉంటాయి. దీనిని మోటారు వాహనం వెనుక తగిలించి లాగుకొనిపోతారు. అమెరికాలో మోటారు కార్ల వాడకం పెరిగిన తొలినాళ్లలోనే ఇవి వ్యాప్తిలోకి వచ్చాయి. వాలీ బయామ్ స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ 1936లో రూపొందించిన 'క్లిప్పర్' అనే అల్యూమినియం ట్రైలర్ వీటి చరిత్రలో ప్రసిద్ధమైనది. ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ వంటి జాతీయ ఉద్యానవనాలను చూడబోయే కుటుంబాలు ఎన్నో నేటికీ ఇటువంటి ట్రైలర్లలో బస చేస్తుంటాయి.

ట్రైలర్‌ను లాగడానికి పెద్ద ట్రక్కే ఉండవలసిన అవసరం లేదు. హోండా పైలట్, టొయోటా హైలాండర్ వంటి మధ్యతరహా ఎస్.యు.వి.లలో కొన్ని నమూనాలు 5,000 పౌండ్లు, అనగా సుమారు 2,270 కిలోల వరకు లాగగలవని వాటి తయారీదారులు పేర్కొంటారు. కొనుగోలుదారులలో పలువురు ఈ ఒక్క అంకెను చూసి, దానికి లోబడిన ట్రైలర్‌ను ఎంచుకొంటారు. ప్రమాదానికి బీజం పడేది ఇక్కడే. లాగే బలం వేరు, మోసే బలం వేరు.

ట్రైలర్ బరువంతా దాని చక్రాల మీదనే నిలవదు. అందులో కొంత భాగం ముందుకొన ద్వారా వాహనం వెనుకభాగంపై మోపబడుతుంది. దీనిని టంగ్ వెయిట్ అంటారు. ఇది ట్రైలర్ మొత్తం బరువులో 10 నుండి 15 శాతం వరకు ఉండాలి. తెలుగు రైతుకు ఈ సూత్రం కొత్తది కాదు. ఎడ్లబండిలో ముందు బరువు ఎక్కువైతే ఎడ్ల మెడలు కుంగుతాయి. వెనుక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. ట్రైలర్ విషయంలోనూ అంతే. ముందుకొనపై భారం మితిమీరితే వాహనం వెనుకభాగం కుంగి, ముందుచక్రాలకు నేలపై పట్టు తగ్గుతుంది. భారం చాలకపోతే ట్రైలర్ అటూ ఇటూ ఊగిపోతూ వాహనాన్ని సైతం అదుపు తప్పిస్తుంది.

ఒక ఉదాహరణను పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. ఖాళీగా ఉన్నపుడు ఒక ట్రైలర్ 1,700 కిలోలు తూగుతుందనుకొంటే, ప్రయాణానికి సిద్ధమయ్యేసరికి దాని బరువు అంతే ఉండదు. వంద లీటర్ల నీరే వంద కిలోలు. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, పాత్రలు, దుస్తులు, ఆహారపదార్థాలు కలిసి మరో 250 కిలోలైతే, మొత్తం 2,050 కిలోలు అవుతుంది. ఇది లాగే హద్దుకు లోబడినదే. ఇందులో 12 శాతం, అనగా సుమారు 246 కిలోలు వాహనం మోయాలి. నలుగురు ప్రయాణికులు 280 కిలోలు, వారి సామాను 50 కిలోలు, తగిలించే పరికరాలు 40 కిలోలు. వెరసి 616 కిలోలు. ఆ వాహనం మోయగల హద్దు 600 కిలోలే అయితే, ఆ ప్రయాణం సురక్షితం కాదు. ఈ హద్దును డ్రైవరు తలుపు వద్ద అతికించిన పట్టికలో చూడవచ్చు.

బరువుతోపాటు మార్గాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎత్తైన ట్రైలర్ ముఖభాగం ఎదురుగాలిని అడ్డగించి ఇంజనుపై భారం పెంచుతుంది. కొలరాడో రాష్ట్రంలోని ఐసెన్‌హోవర్ సొరంగం సముద్రమట్టానికి 11,000 అడుగులకు పైగా ఎత్తున ఉంది. అటువంటి చోట్ల గాలి పలుచబడి, టర్బో లేని ఇంజన్ల శక్తి తగ్గిపోతుంది. దిగువకు వచ్చేటపుడు బ్రేకులు వేడెక్కుతాయి. అందుచేత ట్రైలర్‌కు ప్రత్యేకంగా విద్యుత్ బ్రేకులు, వాటిని డ్రైవరు స్థానం నుండి నియంత్రించే పరికరం అవసరమవుతాయి. బరువును ముందుచక్రాలకు సైతం పంచే హిచ్‌లు కూడా ఉన్నాయి. వాహన తయారీదారు అనుమతించినపుడే వాటిని వాడాలి. అవి స్థిరత్వాన్ని పెంచుతాయే గాని, వాహనానికి నిర్ణయించిన హద్దును పెంచవు.

కావున ట్రైలర్ ఎంపిక దాని అందంతో కాక వాహనం శక్తితో ప్రారంభం కావాలి. మొదట ప్రయాణికుల బరువు, సామాను బరువు, తగిలించే పరికరాల బరువు కూడి, మోసే హద్దు నుండి తీసివేయాలి. మిగిలినది టంగ్ వెయిట్‌కు చాలునో లేదో చూడాలి. ఖాళీ ట్రైలర్ బరువును గాక, నిండు ట్రైలర్ బరువును ప్రమాణంగా తీసుకోవాలి. పయనానికి ముందు తూకపు కేంద్రంలో వాహనాన్ని, ట్రైలర్‌ను తూచి చూసుకోవడం ఉత్తమం. ఈ లెక్క తేలిన తరువాత రెండు పడకల చిన్న ట్రైలరే మిగిలితే, ఆ కుటుంబానికి తగిన ఇల్లు అదే. కాగితం మీద కూడికకు పట్టే కొద్ది నిమిషాలు కొండదారిలో నలుగురి ప్రాణాలను కాపాడగలవు.