కళ్లు మూసుకుంటే నిద్రొస్తోంది మేడం!

మైండ్‌ఫుల్‌నెస్ అనగానే మీకేం గుర్తొస్తుంది? ఫోన్‌లో ఓ యాప్, సముద్రపు హోరు, మెల్లగా మాట్లాడే ఓ గొంతు... అంతేగా? మా తొమ్మిదో తరగతి పిల్లలకి మాత్రం అదో శిక్షలా అనిపించింది. 'చేతులు కట్టుకుని సైలెంట్‌గా కూర్చో' అనే పాత ఆర్డర్‌కి కొత్త పేరు పెట్టామనుకున్నారు. పాపం, వాళ్ల అనుభవం అలాంటిది మరి!

నేను జెడ్పీ హైస్కూల్లో సైన్స్ చెబుతాను. రెండేళ్లుగా మధ్యాహ్న భోజనం అయ్యాక వచ్చే పీరియడ్‌లో ఓ మూడు నిమిషాలు దీనికి ఇస్తున్నా. ఈ క్షణంలో ఒంట్లో, మనసులో, చుట్టూ ఏం జరుగుతోందో గమనించడం, దానికి మంచీ చెడూ మార్కులు వేయకపోవడం. విషయం ఇంతే.

బౌద్ధ ధ్యానం నుంచి తీసుకుని, 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో దీన్నో కోర్సుగా మలిచారు. అది ఏళ్ల తరబడి నొప్పులతో బాధపడుతున్న రోగుల కోసం. వాళ్లకి కావాలనిపించి వచ్చారు. మా పిల్లలు బెల్లు కొడితే వస్తారు! ఈ తేడా చిన్నదేం కాదు.

బ్రిటన్‌లో 'మిరియడ్' పేరుతో పెద్ద పరిశోధనే చేశారు. 80కి పైగా స్కూళ్లు, 8 వేలకు పైగా పిల్లలు. టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చి పది పాఠాలు చెప్పించారు. 2022లో ఫలితాలొచ్చాయి. స్కూళ్లలో మామూలుగా చెప్పే జీవన నైపుణ్యాల పాఠాల కంటే ఇది మెరుగని తేలలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర ప్రాక్టీసే చేయలేదు. తమాషా ఏంటంటే, కొన్నాళ్లపాటైనా ఒత్తిడి తగ్గింది టీచర్లకి!

"మరి నువ్వెందుకు చేయిస్తున్నావమ్మా?" అని స్టాఫ్ రూమ్‌లో మా లెక్కల సార్ అడిగారు. డిప్రెషన్ తగ్గించడానికైతే కాదు, అది నా వల్ల అయ్యే పని కాదు. కోపం వచ్చిన సంగతి, చెయ్యి లేవకముందే తెలిస్తే చాలు అని నా ఆశ.

పోయినేడాది ఓ అమ్మాయి క్లాసయ్యాక ఆగింది. "కళ్లు మూసుకుంటే మిగతావాళ్లకి నిద్రొస్తోంది మేడం. నాకు ఇంట్లో గొడవ వినిపిస్తోంది" అంది. ఇలాంటి పిల్ల ప్రతి క్లాసులో ఒకరైనా ఉంటారు. నిశ్శబ్దం అందరికీ చల్లగా ఉండదు. అందుకే మా క్లాసులో కళ్లు మూసుకోవాలన్న రూలు లేదు, చేసి తీరాలనీ లేదు. ఇష్టం లేకపోతే కిటికీలోంచి వేపచెట్టు చూడొచ్చు, నోట్సు వెనక బొమ్మ వేసుకోవచ్చు. ఆ అమ్మాయికి కావాల్సింది మూడు నిమిషాల శ్వాస కాదు, వినే మనిషి. వాళ్ల అమ్మతో మాట్లాడాను. టెలీ మానస్ నంబరు 14416 ఇద్దరికీ రాసిచ్చాను. ఫోన్ చేస్తే డబ్బులేం పడవు, తెలుగులోనే మాట్లాడతారు. మీరూ సేవ్ చేసుకోండి.

ఇంకో మాట. పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా పిల్లల్ని బెంచీకి కట్టేసే కాలేజీలు కూడా ఇప్పుడు మెడిటేషన్ క్లాసు ఉందని బ్రోచర్లో వేస్తున్నాయి. ముందు వాళ్లని కాస్త పడుకోనివ్వండి స్వామీ!

మా దగ్గర ఎక్కువ నడిచేవి రెండు. చెప్పులు విప్పి అరికాళ్లకి తగిలే నేల చల్లదనం గమనించడం. ఒక చేతి వేళ్ల అంచుల వెంట రెండో చేతి చూపుడు వేలు నడిపించడం: పైకి వెళ్తూ ఊపిరి పీల్చాలి, కిందికి దిగుతూ వదలాలి. పరీక్ష హాల్లో పేపర్ ఇచ్చే ముందు కొందరు డెస్క్ కింద చేతులు పెట్టుకుని ఇదే చేస్తుంటారు. నేను చూడనట్టే ఉంటాను.

ఈ ఏడాది ఏం చేయాలో వాళ్లే ఓటేసి చెబుతున్నారు. మొన్న 'ఫ్యాన్ చప్పుడు వినడం' గెలిచింది. మొదలుపెట్టామో లేదో కరెంటు పోయింది. పక్కన ఆరో తరగతి వాళ్లు వల్లెవేస్తున్న పదమూడో ఎక్కం విన్నాం.