బెంగుళూరులో మేలైన పిజ్జా: తేల్చుకునే పద్ధతి

సదుం, పుంగనూరు, మదనపల్లె వైపు వాళ్లకు దగ్గరి మహానగరం బెంగుళూరు. మదనపల్లె నుంచి చింతామణి, హొసకోట మీదుగా సుమారు 120 కిలోమీటర్లు. అక్కడ ఉద్యోగంలో చేరిన పిల్లలు, తమను చూడవచ్చిన అమ్మానాన్నలను ఏదో ఒక సాయంత్రం పిజ్జా తినిపించడానికి తీసుకెళ్తారు. ఎక్కడికి తీసుకెళ్లాలో తేల్చుకోవడమే కష్టం. దుకాణాలు లెక్కకు మించి ఉన్నాయి, ఏటా కొత్తవి వస్తుంటాయి. కనుక ఏ దుకాణంలోనైనా పనికొచ్చే పరీక్ష ఒకటి తెలిసి ఉండడం మేలు.

ముందు ఫోనులో కనిపించే నక్షత్రాల సంగతి చూద్దాం. ఒక దుకాణానికి 4.3 వచ్చిందంటే అది రుచికి ఒక్కదానికే వేసిన మార్కు కాదు. తెచ్చే కుర్రాడు వేళకు వచ్చాడా, ధరలో తగ్గింపు దొరికిందా, కూర్చునే చోటు బాగుందా అన్నవన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. 4.3కూ 4.5కూ మధ్య ఉన్నది పిజ్జాలోని తేడాయేనని చెప్పడానికి ఆధారం లేదు. అంకెను వదిలిపెట్టి కింద రాసిన మాటలు చదవాలి. అంచు ఎలా ఉందో, అడుగు ఎలా కాలిందో, సాస్ ఎంత పుల్లగా ఉందో రాసినవాళ్లు తిన్నదాన్ని గమనించినవాళ్లు. అలాంటి మాటలు ఒకే దుకాణం గురించి పదేపదే కనబడితే వెళ్లి చూడవచ్చు.

ఇక దేనితో పోల్చి చూడాలి? పిజ్జాలో చాలా రకాలున్నాయి. అంకెలతో సహా కొలత రాసిపెట్టుకున్న ఊరు మాత్రం ఇటలీలోని నేపుల్స్. అక్కడి పిజ్జా తయారీదారులు 1984లో సంఘం పెట్టుకుని నియమాలు రాసుకున్నారు. 2010లో ఐరోపా సమాఖ్య ఆ సంప్రదాయ విధానానికి రక్షణ ఇచ్చింది. 2017లో యునెస్కో ఆ చేతిపనిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ నియమాల ప్రకారం ముద్దలో పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ తప్ప మరేమీ ఉండకూడదు. వెడల్పు 35 సెంటీమీటర్లు దాటకూడదు. కట్టెల బట్టీలో 430 నుంచి 485 డిగ్రీల వేడి మీద 60 నుంచి 90 సెకన్లలో కాల్చి తీయాలి.

ఇంత వేడి ఎందుకంటే, పిజ్జా ప్రధానంగా రొట్టె. ముద్దలోని తడి బయటికి పోకముందే పైపొర కాలిపోవాలి. అప్పుడు లోపలి నీరు ఆవిరై అంచును ఉబ్బిస్తుంది, పైన పలచని పెళుసు, లోపల మెత్తదనం రెండూ నిలుస్తాయి. అదే ముద్దను 250 డిగ్రీల ఓవెన్‌లో పెడితే కాలడానికి ఎనిమిది పది నిమిషాలు పడుతుంది. ఆలోగా తడి ఆరిపోయి అంచు గట్టిపడుతుంది. పిజ్జా హట్ లాంటి గొలుసు దుకాణాల పాన్ పిజ్జా సంగతి వేరు. అక్కడ పెనంలో పోసిన నూనెలో అడుగు వేగుతుంది, ఆ కరకరలాడే రుచి నూనెది. ఆ కంపెనీ మన దేశంలో తొలి దుకాణాన్ని తెరిచింది 1996లో, బెంగుళూరులోనే. డామినోస్ అదే ఏడాది ఢిల్లీలో మొదలైంది. మనలో చాలామంది నాలుకకు పిజ్జా అంటే ఇప్పటికీ ఆ రుచే.

అందుకే కట్టెల బట్టీ పిజ్జా మొదటిసారి బల్ల మీదికి వచ్చినప్పుడు పెద్దవాళ్లకు రెండు అనుమానాలు వస్తాయి. అంచు మీద నల్లమచ్చలు చూసి మాడిందనుకుంటారు, నడుమ మెత్తగా ఉంటే ఉడకలేదనుకుంటారు. నిజానికి ఈ రెండూ మంచి గుర్తులే. చిన్న చిన్న నల్లచుక్కలు బట్టీ వేడికి సాక్ష్యం. నేపుల్స్ పిజ్జాలో నడిమి భాగం మెత్తగానే ఉంటుంది, చాకుతో కోసి ముల్లుచెంచాతో తినడం తప్పేమీ కాదు. అడుగంతా బొగ్గయితేనో, కొరికినప్పుడు పచ్చిపిండి పళ్లకు అంటుకుంటేనో దాన్ని లోపం అనాలి.

ముక్క ఎత్తి అడుగు చూడండి. లేత గోధుమ రంగు మీద చుక్కలు చుక్కలుగా కాలి ఉండాలి. అంతటా ఒకే తెలుపు ఉంటే బట్టీ గచ్చు చల్లబడిందని అర్థం. శనివారం రాత్రి రద్దీలో ఒకదాని వెంట ఒకటి పెడుతూ పోతే గచ్చు మళ్లీ వేడెక్కే వ్యవధి దొరకదు. అందుకని పరీక్షకు మామూలు రోజు, జనం పలచగా ఉన్న వేళ మంచిది. తర్వాత అంచును చీల్చి లోపల చూడండి. చిన్నా పెద్దా బుడగలు కలగలిసి ఉంటే ముద్ద బాగా పులిసింది. ఒత్తుగా, ఒకే తీరుగా ఉంటే తొందరలో చేసింది.

పులియడం మనకు కొత్త సంగతి కాదు. రాత్రి రుబ్బిన దోసె పిండికీ, రుబ్బిన వెంటనే పోసిన దోసెకూ ఎంత తేడా ఉంటుందో, పిజ్జా ముద్దకూ అంతే తేడా ఉంటుంది. ఈస్ట్ విడిచిన వాయువును గోధుమలోని గ్లూటెన్, అంటే పిండిని సాగేలా చేసే మాంసకృత్తి, వల పన్ని పట్టి ఉంచుతుంది. అదే సమయంలో పిండిపదార్థం కొంత చక్కెరగా విరిగి రుచినీ రంగునూ ఇస్తుంది. నేపుల్స్ నియమం కనీసం ఎనిమిది గంటలు పులియాలంటుంది. బెంగుళూరులో శ్రద్ధగా చేసేవాళ్లు చలిపెట్టెలో రెండు రోజుల దాకా ఉంచుతారు. ఎన్ని గంటలు పులిసిందని అడిగితే వెంటనే జవాబు చెప్పే దుకాణం మీద నాకు నమ్మకం కలుగుతుంది.

చీజ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పాలకొవ్వు తీసేసి దాని చోట నూనెకొవ్వు వాడి చేసిన పదార్థాన్ని ఎనలాగ్ అంటారు. దాన్ని పాల చీజ్ పేరుతో అమ్మడానికి మన ఆహార చట్టం ఒప్పుకోదు. చల్లారాక రబ్బరులా గట్టిపడడం పిజ్జా మీద వేసే అసలు పాల చీజ్ మొజరెల్లాకూ కొంత ఉంటుంది కనుక దాన్నిబట్టి తేల్చలేం. ఏ చీజ్ వాడారో అడిగి తెలుసుకోవడమే దారి.

టమోటా దగ్గర మాత్రం మదనపల్లె వాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మన మార్కెట్ యార్డులో వేలానికి వచ్చే క్రేట్లు చూసినవాళ్లకు తెలుసు, దూరప్రాంతాల వ్యాపారి దోరకాయ కొంటాడు. లారీలో రెండు మూడు రోజులు ప్రయాణించినా నలగకూడదు. అందుకే మన రైతు వేసే హైబ్రిడ్‌లలో తోలు గట్టిగా, కాయ బిగువుగా ఉంటుంది. పిజ్జా సాస్‌కు కావలసిన కాయ వేరు. నేపుల్స్ దగ్గర పండే శాన్ మార్జానో పొడుగ్గా, కండ మందంగా, గింజలు తక్కువగా ఉంటుంది. చెట్టునే పండనిచ్చి, తొక్క తీసి డబ్బాల్లో నింపుతారు. అక్కడ సాస్‌ను ముందుగా ఉడికించరు. కాయను చిదిమి ఉప్పు వేసి ముద్ద మీద పరుస్తారు, అంతే. కాబట్టి కాయలో రుచి ఉంటేనే పిజ్జాలో రుచి. నీరెక్కువ ఉన్న కాయను అలా చిదిమితే రొట్టె నానిపోతుంది. దాన్ని ఉడికించి చిక్కబరచి, చక్కెరా వెల్లుల్లీ జోడిస్తే సాస్ తయారవుతుంది కానీ, అప్పుడు నాలుకకు తగిలేది మసాలా.

బెంగుళూరులో పేరున్న దుకాణాలు ఇటలీ డబ్బాలు తెప్పించుకోవడానికి ఇదొక కారణం. దీనిలో మన ప్రాంతానికి ఒక నష్టం ఉంది. 2023 జూలై చివర మదనపల్లెలో మేలురకం టమోటా కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. కొద్ది వారాల్లోనే పాతాళానికి పడింది. ధర పడినప్పుడు కాయ పంపడానికి మరో చోటు దాదాపు లేదు. చిత్తూరు వైపు తోతాపురి మామిడికి గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయి. టమోటాకు అలాంటి ఆసరా ఆ స్థాయిలో లేదు. గుజ్జుకు పనికొచ్చే కండ మందం రకాలు కొన్ని ఎకరాల్లోనైనా వేసి, కొనే ఫ్యాక్టరీతో ముందే ఒప్పందం చేసుకుంటే, పచ్చికాయ వేలం ఒక్కదాని మీదే రైతు బతుకు వేలాడదు. ఇది జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

పరీక్షకు ఏం తెప్పించుకోవాలి? పనీరు, మొక్కజొన్న, చికెన్ వేసినది వద్దు. పైన ఎక్కువ సరుకు పడితే రొట్టె, సాస్ రెండూ దాక్కుంటాయి. ప్రతి దుకాణంలోనూ సాస్, చీజ్ తప్ప పెద్దగా ఏమీ వేయని మార్గరీటానే అడగండి. పార్సెల్ తీసుకోవద్దు. పెట్టెలో ఆవిరి పట్టి అంచు మెత్తబడుతుంది, ఎంత మంచి బట్టీలో కాల్చిన పిజ్జా అయినా ఇంటికి చేరేసరికి మామూలుదే అవుతుంది. చర్చ్ స్ట్రీట్‌లోని బ్రిక్ ఓవెన్, ఇందిరానగర్‌లోని పిజ్జా బేకరీ కట్టెల బట్టీ పిజ్జాకు పేరున్నవి, పోలికకు వాటితో మొదలుపెట్టవచ్చు. వీలైతే రెండు చోట్లా ఒకే రోజు తినండి. నెల గడిస్తే నాలుకకు జ్ఞాపకం ఉండదు.

సాస్‌కు ఏ టమోటా వాడతారని కూడా అడగండి. మన దేశపు కాయే అని జవాబొస్తే, అక్కడ మార్గరీటాతో పాటు మరినారా ఒకటి చెప్పండి. టమోటా, వెల్లుల్లి, ఒరెగానో ఆకు, ఆలివ్ నూనె తప్ప దాని మీద మరేమీ, చీజ్ కూడా, ఉండదు కనుక కాయ ఎలాంటిదో మొదటి ముక్కకే తెలిసిపోతుంది.