పండు ఎక్కువ, గింజ తక్కువ

ఆదివారం ఉదయం ఆరాధనకు వెళ్లే ఇంట్లో టిఫిను ఒక పరీక్షే. పిండి సరిగా పులియకపోవచ్చు. చట్నీ రుబ్బే వేళకు కరెంటు పోవచ్చు. ఒకవైపు పిల్లల జడలు, మరొకవైపు పెనం మీద దోసె. మొదటి గంట కొట్టేసరికి అందరూ బయలుదేరుతారు గాని, ఇల్లాలు మాత్రం రెండవ పాట అయిపోయిన తరువాత వచ్చి వెనుక వరుసలో కూర్చుంటుంది. సంఘకాపరి ఇల్లు ఇందుకు మినహాయింపు కాదు. మా ఇంట్లో చాలా ఏళ్లు ఇదే వరస.

దీనికి తోడు మూడేళ్ల క్రితం నాకు షుగరు ఉన్నదని తేలింది. "పాస్టరుగారూ, మాత్రలు నేను రాసిస్తాను. కంచం సంగతి మాత్రం మీరే చూసుకోవాలి" అన్నారు డాక్టరుగారు. గృహదర్శనానికి వెళితే ఏ ఇంట్లోనైనా ముందు వచ్చేది పంచదార వేసిన టీ. వద్దంటే వారు నొచ్చుకుంటారు, తాగితే నాకు ముప్పు. బయట ఎలాగూ తప్పడం లేదు, కనీసం ఇంట్లో పొద్దుటి పలహారమైనా మార్చుకుందామని మేమిద్దరం అనుకున్నాము.

ఆ రోజులలోనే మా బావమరిది పట్నం నుండి వస్తూ ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. దాని మీద పాలు, పండ్లు, గోధుమ కంకుల బొమ్మ. పేరు మ్యూస్లీ. "బావగారూ, ఇది ఆరోగ్యానికి మంచిది. వండే పని లేదు, పాలు పోసుకుంటే చాలు" అన్నాడు. నేను ఎంతో సంతోషించి, మంచిదే కదా అని రోజూ గిన్నెనిండా తిన్నాను. ఆ పెట్టె అయిపోతే మరొకటి తెప్పించుకున్నాను. రెండు నెలల తరువాత రక్త పరీక్ష చేయిస్తే షుగరు తగ్గలేదు సరిగదా, ముందుకంటే పెరిగింది.

నర్సింగు చదువుతున్న మా అమ్మాయి సెలవులకు వచ్చి ఆ పెట్టెను వెనక్కి తిప్పింది. "నాన్నగారూ, ఈ చిన్న అక్షరాలు చదివారా?" అని అడిగింది. నేను చదవలేదు. మన దేశపు నియమం ప్రకారం ప్యాకెట్టు మీద పదార్థాల పేర్లు బరువును బట్టి వ్రాయాలి. ఎక్కువ ఉన్నది మొదట, తక్కువ ఉన్నది చివర. నా పెట్టెలో మొదటి పేరు ఓట్సు, రెండవది పంచదార. ఆ తరువాత తేనె, గ్లూకోజు పాకం, పాకంలో ఊరవేసిన పండ్ల ముక్కలు. అంటే నేను రోజూ పొద్దున్నే మిఠాయి తింటూ దానికి ఆరోగ్యమని పేరు పెట్టుకున్నాను! తప్పు పెట్టెది కాదు, వాళ్లు అన్నీ అచ్చువేశారు. చదవనిది నేనే.

అప్పుడు అసలు ఈ మ్యూస్లీ ఎక్కడిది, ఎవరు తినమన్నారు అనే ఆలోచన కలిగింది. తెలుసుకున్న సంగతి మీతో పంచుకోవాలని ఇది వ్రాస్తున్నాను.

మ్యూస్లీ స్విట్జర్లాండు దేశపు వంటకం. ఆ మాటకు అక్కడి జర్మను యాసలో మెత్తగా కలిపిన చిన్న ముద్ద అని అర్థం. దీనిని లోకానికి అందించినవాడు డాక్టరు మాక్సిమిలియన్ బిర్షర్ బెన్నర్. ఆయన 1867లో ఆరౌ అనే ఊరిలో పుట్టి జ్యూరిచ్ నగరంలో వైద్యం చేశాడు. యౌవనంలో తనకు కామెర్లు వచ్చినప్పుడు పచ్చి ఆపిల్ ముక్కలు తిని కోలుకున్నాడని చెబుతారు. కొండలలో తిరుగుతున్నప్పుడు పశువుల కాపరుల ఇంట్లో ఇటువంటి ముద్దను తిన్నాడని, అదే తన వంటకానికి మూలమని కూడా చెబుతారు. 1900 ప్రాంతంలో ఆయన దీనిని రోగులకు పెట్టసాగాడు.

ఆ కాలంలో మాంసం బలమిస్తుందని, పచ్చి కాయలు, పండ్లు అంత ముఖ్యం కాదని పెద్ద పెద్ద వైద్యులే నమ్మేవారు. విటమిన్ అనే మాటే 1912 వరకు పుట్టలేదు. అందుచేత బిర్షర్ బెన్నర్ పచ్చి ఆహారం గురించి చెప్పినప్పుడు జ్యూరిచ్‌లోని తోటి వైద్యులు ఆయన శాస్త్రపు హద్దు దాటాడని నిందించారు. ఆయన సూర్యకాంతి శక్తి ఆకులలో, పండ్లలో నిలిచి ఉంటుందని, వండితే అది పోతుందని అనేవాడు. ఆ వివరణ ఈనాడు నిలవదు. వండిన కూరగాయలలోనూ మేలు ఉన్నది, కొన్నిటిని వండే తినాలి. అయితే పండ్లు, కూరలు, పొట్టు తీయని గింజలు ఎక్కువగా తినమన్న ఆయన సలహాను తరువాతి వైద్యం కాదనలేదు.

1904లో ఆయన జ్యూరిచ్ కొండ మీద ఒక ఆరోగ్యాలయం తెరిచాడు. దాని పేరుకు జీవశక్తి అని అర్థం. అక్కడ ధనవంతులు కూడా పెందలాడే నిద్రపోవాలి, తెల్లవారుజామున లేవాలి, పలహారానికి ముందే నడవాలి, తోటపని చేయాలి. 1929లో నోబెల్ బహుమతి పొందిన జర్మను రచయిత థామస్ మన్ అంతకు ఇరవై ఏళ్ల ముందు, అంటే 1909లో, అక్కడ కొన్ని వారాలు ఉండి, దానిని జైలుతో పోల్చాడు. మన పల్లెల్లో తెల్లవారకముందే లేచి పొలం వెళ్లేవారికి ఆ జైలు కొత్తేమీ కాదు!

ఇక ఆయన పెట్టిన గిన్నెలో ఏమున్నదో చూడండి. ఒక మనిషికి ఓట్సు అటుకులు ఒకే ఒక పెద్ద చెంచా. వాటిని మూడు చెంచాల నీళ్లలో పన్నెండు గంటలు నానబెట్టాలి. తినే ముందు ఒక చెంచా నిమ్మరసం, ఒక చెంచా డబ్బా పాలు కలపాలి. అప్పుడు సుమారు 200 గ్రాముల ఆపిల్‌ను తొక్కతో సహా అందులోకే తురమాలి. పైన బాదం పొడి గాని, అక్కడ దొరికే హేజెల్ గింజల పొడి గాని ఒక చెంచా చల్లాలి. అంతే. అంటే అది గింజల పలహారం కాదు, పండు పలహారం. గింజ తోడు మాత్రమే. దీనిని పొద్దున, మళ్లీ రాత్రి భోజనంలో తినేవారు. ఆపిల్ తురమడానికి బిర్షర్ పేరుతోనే ఒక తురుముపీట ఇప్పటికీ స్విట్జర్లాండు వంటిళ్లలో ఉంటుంది.

నా పెట్టెలో సంగతి దీనికి తలకిందులు. గింజలు ఎక్కువ, తీపి దాని వెనకాలే, పండు పేరుకు నాలుగు ఎండు ముక్కలు. డబ్బా పాలలో మాత్రం పంచదార లేదా అని మీరు అడగవచ్చు. ఉన్నది. పచ్చి పాల వలన క్షయ వంటి వ్యాధులు వ్యాపిస్తున్న ఆ రోజుల్లో డబ్బా పాలు క్షేమమని వాడారు. మనం పాలు కాచుకుంటాము, పెరుగు తోడుపెట్టుకుంటాము గనుక ఆ డబ్బాతో మనకు పని లేదు.

మా ఇంట్లో ఇప్పుడు ఎలా చేస్తున్నామో చెబుతాను. ఓట్సును కొందరు యవలు అంటున్నారు. అది పొరపాటు. బైబిలులో మనం చదివే యవలు బార్లీ, ఓట్సు వేరే ధాన్యం, చల్లని దేశాల పంట. దుకాణంలో కొనేటప్పుడు ఏ రుచీ కలపని అటుకులే అడగండి. మసాలా పొట్లాలు, పండ్ల రుచి పొట్లాలు వద్దు. ఈ అటుకులను ఆవిరి పట్టి నలగగొడతారు గనుక మళ్లీ వండకుండా నానబెట్టి తినవచ్చు.

ఒక మనిషికి నాలుగు పెద్ద చెంచాలు, అంటే 25 నుండి 30 గ్రాములు తీసుకుంటాము. అసలు కొలతకంటే ఇది ఎక్కువే. ఒక్క చెంచాతో మధ్యాహ్నం దాకా ఆగడం నావల్ల కాలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త ఎంతైనా అవసరం. జ్యూరిచ్ చలిలో రాత్రంతా నానినది చెడదు. మన ఏప్రిల్, మే నెలల రాత్రులలో, అందులోనూ పాలు పోసి నానబెడితే, తెల్లారేసరికి పులిసి వాసన వస్తుంది. మొదటి వేసవిలో మా గిన్నె రెండుసార్లు కుడితి తొట్టిలోకి వెళ్లింది. కాబట్టి ఫ్రిజ్ లేనివారు ఎండాకాలంలో రాత్రి నానబెట్టవద్దు. తెల్లవారి లేవగానే కాచి చల్లార్చిన నీళ్లు పోసి పక్కన పెడితే గంటలో తినగలిగేంత మెత్తబడతాయి. చలికాలంలో రాత్రి నానబెట్టినా, నీళ్లతోనే నానబెట్టండి. పాలు, పెరుగు తినేటప్పుడు కలపండి.

పండు విషయంలో ఆపిలే కావాలని పట్టుబట్టవలసిన పని లేదు. అది కాశ్మీరు నుండో హిమాచల్ నుండో రావాలి. మన పెరటి జామపండు ఉన్నది. వంద గ్రాముల ఆపిల్‌లో సి విటమిన్ అయిదు మిల్లీగ్రాముల దరిదాపు. జామలో రెండు వందల మిల్లీగ్రాముల దరిదాపు. గింజధాన్యాలలోని ఇనుము ఒంటబట్టడానికి ఈ విటమిన్ తోడ్పడుతుంది. ఇంట్లో రక్తహీనత ఉన్న ఆడపిల్లలుంటే ఈ మాట గుర్తుంచుకోండి. దోరగా ఉన్న జామను సన్నగా తరిగి కలిపితే చాలు. ఆపిల్ అయితే గింజలు తీసేసి ఆఖరి నిమిషంలో తురిమి, వెంటనే నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. లేకపోతే గాలి తగిలి నల్లబడుతుంది. నిమ్మరసం పిండినప్పుడు పెరుగు కలపాలి, పాలు పోస్తే విరిగిపోతాయి. బొప్పాయి కూడా బాగుంటుంది. అనాస మాత్రం పెరుగులో కలిపి ఉంచితే చేదెక్కుతుంది, కలపగానే తినేయాలి.

బాదం కొనలేని ఇంట్లో వేరుసెనగ గుళ్లు వేయించి కచ్చాపచ్చాగా దంచండి. నల్లబడినవి, బూజు పట్టినవి ఏరి పారేయండి, వాటిలో కాలేయానికి హాని చేసే విషం ఉండవచ్చు. నువ్వులు, అవిసె గింజల పొడి ఒక చెంచా చల్లినా రుచిగా ఉంటుంది. అయిదేళ్లలోపు పిల్లలకు గుళ్లు గుళ్లుగా పెట్టకండి. గొంతుకు అడ్డుపడతాయి. మెత్తగా పొడి చేసే పెట్టాలి.

తీపి సంగతి కొంచెం గట్టిగా చెప్పాలి. "అయ్యగారూ, పంచదార వద్దు గాని బెల్లం ఫరవాలేదు గదా, తేనె మందే గదా" అని చాలామంది నన్ను అడుగుతారు. షుగరు ఉన్నవారి రక్తానికి బెల్లమైనా, తేనె అయినా, పంచదార అయినా తీపే. ఎండుద్రాక్ష, ఖర్జూరం కూడా నీరు పోయి చిక్కబడిన తీపి. నేను ఒక్క ఖర్జూరం సన్నగా తరిగి వేసుకుంటాను. అరటిపండు వేసిన రోజు అదీ లేదు. మొదటి వారం చప్పగా ఉన్నట్టు తోచింది. ఆ తరువాత జామపండు తీపి నాలుకకు తెలియసాగింది.

ఓట్సులోని ఒక రకం పీచు నీటిలో జిగురులాగ మారి, తిన్నది మెల్లగా రక్తంలో కలిసేట్టు చేస్తుంది. చెడ్డ కొలెస్టరాలును కూడా తగ్గిస్తుందని 1997లో అమెరికా ఆహార, ఔషధ శాఖ ప్యాకెట్ల మీద వ్రాసుకోవడానికి అనుమతి ఇచ్చింది. కాని అందుకు రోజుకు మూడు గ్రాముల పీచు కావాలి. అంటే సుమారు 75 గ్రాముల ఓట్సు. మా గిన్నెలో ఉన్నది దానిలో మూడవ వంతు. కనుక ఇది తింటున్నాము గదా అని ఎవరూ మాత్రలు మానవద్దు.

మా సంఘంలో ఒక పెద్దావిడ ఇదంతా విని, "అయ్యగారూ, రాత్రి నానబెట్టి పొద్దున తినడం మాకు తెలియనిదా? మా అత్తగారు చద్దన్నం తినే ఎనభై ఏళ్లు బతికింది" అన్నారు. నిజమే. చద్దన్నం పులుస్తుంది, దాని మేలు దానికుంది. అయితే అందులో పండు లేదు. ఆవిడ మాట విన్నాక మేము జొన్న అటుకులతో కూడా చేసి చూశాము. ఇప్పుడు పట్టణాల దుకాణాలలో అవి దొరుకుతున్నాయి. కొంచెం గట్టిగా ఉంటాయి గనుక ఎక్కువసేపు నాననివ్వాలి. బియ్యపు అటుకులైతే పది నిమిషాలు చాలు, పిల్లలు ఇష్టంగా తింటారు. షుగరు ఉన్నవారికి మాత్రం అవి తెల్ల అన్నంతో సమానం.

ఒక మాట ఒప్పుకోవాలి. నాట్లు వేయడానికి, బస్తాలు మోయడానికి వెళ్లేవారికి ఈ గిన్నె చాలదు. మా సంఘంలో ఒక యువకుడు నా మాట విని ఇది తిని కోతకు వెళ్లి, పది గంటలకల్లా ఆకలితో ఇంటికి తిరిగివచ్చాడు. వాళ్లమ్మ నన్ను బాగానే చీవాట్లు పెట్టింది. అటువంటివారు దీనితో పాటు రెండు జొన్న రొట్టెలో, ఉడికించిన గుడ్డో, గుగ్గిళ్లో తినాలి. నాలాగ కూర్చుని చదువుకునే, వ్రాసుకునే పని ఉన్నవారికి, వయసు మళ్లినవారికి ఇది సరిపోతుంది.

మొన్నటి పరీక్షలో నా షుగరు డాక్టరుగారు చెప్పిన హద్దులోకి వచ్చింది. మాత్ర, సాయంత్రపు నడక, గృహదర్శనాలలో పంచదార లేని టీ అడిగే ధైర్యం, ఈ గిన్నె, వీటిలో దేని పాలు ఎంతో నేను చెప్పలేను. శనివారం రాత్రి ప్రసంగం వ్రాసుకోవడం అయ్యాక అటుకులు కొలిచి పెట్టడం, గుళ్లు దంచడం ఇప్పుడు నా పని. పొద్దున జామకాయలు తరగడం మా చిన్నవాడి పని. ఆదివారాలలో మా ఇంట్లో పెనం పొయ్యి ఎక్కడం లేదు. మొదటి పాట మొదలయ్యేసరికి మా ఆవిడ రెండవ వరుసలో ఉంటోంది.