రైఫిల్ షూటింగ్ జాకెట్ కొంటున్నారా? మిల్లీమీటర్ల లెక్క ముందు తెలుసుకోండి

ఫిల్మ్ నగర్‌లో ఎవరైనా 'షూటింగ్‌కి వెళ్తున్నా' అంటే ఏ స్టూడియోకో, ఏ లొకేషన్‌కో అనుకుంటాం. ఇప్పుడు ఆ మాటని భుజాన రైఫిల్ బ్యాగు వేసుకున్న పిల్లలూ అంటున్నారు. వాళ్లు వెళ్లేది గచ్చిబౌలి వైపు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని షూటింగ్ రేంజ్‌కి. సినిమా కాస్ట్యూమ్ కెమెరాకు బాగుంటే చాలు. వీళ్ల జాకెట్‌ను మాత్రం పోటీకి ముందు పరికరాలతో కొలుస్తారు. అందులో తేడా వస్తే దాంతో బరిలోకి దిగనివ్వరు. అందుకే మీ అబ్బాయికో, అమ్మాయికో కిట్ కొనే ముందు ఈ విషయాలు చూసుకోండి.

అసలు ఆ జాకెట్ ఎందుకు?

2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో మన ధనుష్ శ్రీకాంత్ స్వర్ణం గెలిచిందీ ఇందులోనే. ఈ పోటీ క్వాలిఫికేషన్‌లో 75 నిమిషాల్లో 60 షాట్లు నిలబడే కాల్చాలి. రైఫిల్ బరువు 5.5 కిలోల వరకు ఉండొచ్చు. గురి మధ్యలోని 10 పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే.

ఆ బరువును మోయడానికి షూటర్ నడుమును ముందుకు నెట్టి, వీపును కాస్త వెనక్కి వంచి, మోచేతిని తుంటిపై ఆనిస్తాడు. భారమంతా నడుము మీద పడుతుంది. కాన్వాస్, తోలుతో కుట్టిన జాకెట్, ప్యాంటు ఆ భారాన్ని కొంత పంచుకుంటాయి, ఒంటి కదలికను తగ్గిస్తాయి. ఎదిగే వయసు పిల్లలు సరైన ఆసరా లేకుండా గంటల కొద్దీ ఇలా నిలబడితే నడుం నొప్పి తప్పదు. అంటే ఇది హంగు కోసం వేసుకునేది కాదు.

అలాగని ఎంత గట్టిగా ఉన్నా సరేనా?

కాదు. జాకెట్ మరీ బిగుసుకుపోయి ఉంటే షూటర్ బదులు అదే నిలబడుతుంది. అందుకే అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య హద్దులు పెట్టింది. మన జాతీయ పోటీలూ ఆ నిబంధనలతోనే నడుస్తాయి.

- జాకెట్, ప్యాంటు గుడ్డ మందం ఒక పొరకు 2.5 మి.మీ., రెండు పొరలకు 5 మి.మీ. దాటకూడదు. లోపల వేసుకునే దుస్తులకూ ఇదే లెక్క.
- పరికరంతో నొక్కినప్పుడు గుడ్డ కనీసం 3 మి.మీ. లోపలికి దిగాలి. దిగకపోతే మరీ గట్టిగా ఉన్నట్టే.
- జాకెట్ వదులుగా ఉండాలి. బొత్తాం పెట్టుకునే చోటు దాటి కనీసం 70 మి.మీ. ముందుకు లాగగలగాలి.
- గ్లవ్ మొత్తం మందం 12 మి.మీ. లోపు, బూటు అడుగు 10 మి.మీ. లోపు ఉండాలి. అడుగు వంగాలి కూడా.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. జాకెట్ వదులుగా ఉందని దగ్గర్లోని టైలర్ దగ్గర సైజు తగ్గిస్తారు, బొత్తాలు జరిపిస్తారు. ఒంటికి అతుక్కున్నట్టు కనిపిస్తుంది కానీ 70 మి.మీ. పరీక్షలో పోతుంది. పోటీ అయ్యాక కూడా కొందరి దుస్తులను మళ్లీ కొలుస్తారు. అప్పుడు తేలకపోతే కాల్చిన స్కోరంతా వృథా. కాబట్టి ఏ మార్పైనా కోచ్‌కు చూపించాకే చేయించండి.

పిస్టల్ అయితే ఖర్చు తక్కువేనా?

దుస్తుల వరకు అవును. పిస్టల్ పోటీల్లో ఇలాంటి ప్రత్యేక జాకెట్ వేసుకోవడమే నిషేధం. చీలమండను కప్పే బూట్లూ కుదరవు. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చిన హైదరాబాదీ ఈషా సింగ్ పిస్టల్ షూటరే. పిల్లలకు ఏది నప్పుతుందో తేలకముందే రైఫిల్ జాకెట్ కొనేస్తే, తర్వాత పిస్టల్‌కు మారినప్పుడు అది బీరువాలోనే ఉండిపోతుంది.

ఏది ముందు కొనాలి?

మొదట్లో అకాడమీ రైఫిల్, అకాడమీ జాకెట్ వాడుకునే వీలుందేమో అడగండి. పిల్లలు ఈ ఆటలో కొనసాగుతారని నమ్మకం కుదిరాక బూట్లు, గ్లవ్ కొనండి. నిలబడే తీరు స్థిరపడ్డాక జాకెట్, ప్యాంటు. రైఫిల్ చివర్లో కొన్నా నష్టం లేదు.

పిల్లలు ఎదుగుతారు కాబట్టి సెకండ్ హ్యాండ్ జాకెట్ మంచి దారే. అయితే డబ్బు ఇచ్చే ముందు రేంజ్‌లో మందం, గట్టిదనం కొలిపించండి. చలిగా, పొడిగా ఉన్న చోట కాన్వాస్ బిగుసుకుంటుంది. ఇక్కడ అంచు మీద నెగ్గిన జాకెట్ ఢిల్లీ చలిలో తప్పొచ్చు. వాషింగ్ మెషిన్‌లో వేయకండి. చెమట ఆరేలా హ్యాంగర్‌కు తగిలించండి.

లైసెన్స్ కావాలా?

2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మి.మీ. బోరు, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. పోటీల్లో వాడే ఎయిర్ రైఫిళ్లు ఈ హద్దులోపే ఉంటాయి. .22 రైఫిల్‌కు మాత్రం లైసెన్స్ తప్పనిసరి. లైసెన్స్ అక్కర్లేదు కదా అని బయటికి కనిపించేలా పట్టుకెళ్లకండి. గుండు లేకుండా, కేసులో పెట్టే తీసుకెళ్లండి. బిల్లు దగ్గరుంచుకోండి. ఎయిర్ రైఫిల్ గుండ్లు సాధారణంగా సీసంతో చేస్తారు కాబట్టి ప్రాక్టీస్ అయ్యాక చేతులు కడుక్కోకుండా పిల్లలను ఏమీ తిననివ్వకండి.

చివరిగా ఒక్క మాట. షాపులో జాకెట్ వేయించి చూసేటప్పుడు అద్దంలో ఎలా ఉందని అడగకండి. చేతులు కిందికి వదిలేసి నిలబడమని, ముందు అంచును లాగి టేపుతో కొలవండి. 70 మి.మీ. రాకపోతే ఎంత తగ్గించి ఇస్తామన్నా కొనకండి.