మండే నేలలో మందుల వేట

చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలోని సాస్తి బొగ్గు గనుల గ్రామం. గనులలో పనిచేసే కుటుంబాలకు బొగ్గు గుణం బాగా తెలుసు. తవ్వి కుప్ప పోసిన బొగ్గు గాలి తగిలి లోలోపల వేడెక్కుతుంది. ఒక్కొక్కసారి ఎవరూ నిప్పు పెట్టకుండానే రాజుకుంటుంది. భూమి అడుగున బొగ్గు పొర అంటుకుంటే ఆ మంట ఏళ్ళ తరబడి ఆరదు. పైనున్న మట్టి కాలిపోతుంది. నెర్రెల గుండా విషవాయువులు వెలువడతాయి. అటువంటి చోట ఏ ప్రాణీ బతకదని అనుకుంటాం. కాని కంటికి కనిపించని బాక్టీరియాలు అక్కడ కూడా జీవిస్తున్నాయి. శాస్త్రవేత్తలు వాటిలో కొత్త మందుల కోసం వెదుకుతున్నారు.

మట్టికీ మందుకూ సంబంధమేమిటి? చెంచాడు మట్టిలో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి. వాటికి దొరికే ఆహారం కొద్ది, పోటీ ఎక్కువ. అందుచేత కొన్ని బాక్టీరియాలు తమ పక్కవాటిని పెరగనీయకుండా చేసే రసాయనాలను తయారుచేస్తాయి. ఆ రసాయనాలలో కొన్ని మనకు రోగాలు కలిగించే సూక్ష్మజీవులను కూడా చంపుతాయి. వీటినే యాంటిబయాటిక్ మందులు అంటారు. క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ 1943లో ఇలా మట్టిలోని బాక్టీరియా నుండే లభించింది.

ఈ వేటలో ఒక తెలుగువానికి గొప్ప స్థానం ఉంది. ఆయన 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు ఆయన నాయకత్వం వహించారు. అక్కడ బెంజమిన్ డుగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఎన్నో చోట్ల నుండి తెప్పించిన మట్టిని పరీక్షించాడు. మిస్సోరీలోని ఒక పొలం మట్టిలో బంగారు వన్నె గల బాక్టీరియా కనిపించింది. దాని నుండి తీసిన మందే ఆరియోమైసిన్. అది 1948లో రోగులకు అందుబాటులోకి వచ్చింది. సుబ్బారావు ఆ సంవత్సరమే మరణించారు.

తరువాత ఒక చిక్కు వచ్చింది. మందులను విచ్చలవిడిగా వాడడం వల్ల రోగక్రిములు వాటికి లొంగడం మానేశాయి. 2019లో ఇటువంటి మొండి క్రిముల వల్ల ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించారని అంచనా. కొత్త మందులు కావాలి. కాని మామూలు మట్టిని ఎంత వెదికినా తెలిసిన మందులే మళ్ళీ మళ్ళీ దొరుకుతున్నాయి. అందుకే శాస్త్రవేత్తలు ఎవరూ వెదకని చోట్లకు వెళ్ళారు. బతుకు కష్టమైన చోట జీవించే బాక్టీరియాలు కొత్త రసాయనాలను తయారుచేస్తూ ఉండవచ్చునని వారి ఆలోచన.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో రూత్ మల్లిన్స్ అనే చోట భూమి అడుగున బొగ్గు మండుతూ ఉండేది. అక్కడి శాస్త్రవేత్తలు ఆ పరిసరాల మట్టిని సేకరించి, అందులోని బాక్టీరియాలను ప్రయోగశాలలో పెంచారు. ఒక బాక్టీరియా నుండి అంతవరకు ఎవరికీ తెలియని పదార్థం లభించింది. ఆ స్థలం పేరు మీదనే దానికి రూత్‌మైసిన్ అని పేరు పెట్టి 2014లో ప్రకటించారు.

కొత్త పదార్థం దొరకగానే అది మందు అయిపోదు. అది ఏ క్రిములను చంపుతుంది, మనిషికి హాని చేస్తుందా అని ముందు ప్రయోగశాలలో, తరువాత జంతువులపై, చివరకు మనుషులపై పరీక్షించాలి. ఇందుకు ఏళ్ళు పడుతుంది. చాలా పదార్థాలు మధ్యలోనే నిలిచిపోతాయి.

మన మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో లోణార్ సరస్సు ఉంది. దాని నీరు ఉప్పన, క్షారగుణం కలది. అందులో జీవించే బాక్టీరియాలపై కూడా పరిశోధనలు జరిగాయి. ఎందుకూ కొరగాదనుకున్న నేలలో, నీటిలో కూడా సంపద దాగి ఉండవచ్చు. అయితే దొరికిన మందును కాపాడుకోవడం మన బాధ్యత. వైద్యుడు చెప్పనిదే యాంటిబయాటిక్ వాడరాదు. చెప్పినన్ని రోజులూ వాడక మానరాదు.

ప్రశ్నలు
1. మట్టిలోని బాక్టీరియాలు రసాయనాలను ఎందుకు తయారుచేస్తాయి?
2. శాస్త్రవేత్తలు మండే నేలలో మందుల కోసం ఎందుకు వెదికారు?
3. మందులను విచ్చలవిడిగా వాడితే కలిగే నష్టమేమిటి?