రెండవ మోకాలికి మొదటిదే ఊత

రెండు మోకాళ్ళును అరిగిన రోగికి ఒకదానికి శస్త్రచికిత్స జరిగి, రెండవది మిగిలి యున్నదనుకొనుడు. ఈ నడిమి కాలము కేవలము విశ్రాంతికే యని పలువురు తలతురు. అది పొరపాటు.

కీలుమార్పిడిలో తొడయెముక చివరను, కాలియెముక పైభాగమును పలుచగా కోసి లోహపు తొడుగులు అమర్చుదురు. అరిగిన మృదులాస్థికి బదులు నడుమ పాలిఎథిలీన్ పలక యుండును. కీలు కొత్తదైనను, దానిని నడుపు తొడ ముందరి కండరము పాతదే. శస్త్రచికిత్స పిమ్మట అది చాల బలము కోల్పోవును. వ్యాయామము వలననే తిరిగి బలపడును.

మెట్ల సంగతి చూడుడు. ఎక్కునపుడు పైమెట్టున నున్న కాలే దేహమును పైకెత్తును. దిగునపుడు కూడ పైమెట్టున నిలిచిన కాలే మెల్లగా వంగి దేహమును దింపును. కావున ఎక్కునపుడు బలమైన కాలు, దిగునపుడు బలహీనమైన కాలు ముందు వేయవలెను. నేడు బలహీనమైన కాలే రెండవ శస్త్రచికిత్స మరునాడు బలమైన కాలుగా పనిచేయవలసి యున్నది! అది చక్కగా చాపుటకును, 90 డిగ్రీలకు పైగా వంచుటకును రాకమునుపే తొందరపడినచో రోగి పడిపోవు ప్రమాదము కలదు.

మొదటిసారి పోయిన రక్తము తిరిగి వృద్ధియగుటకు వారములు పట్టును; హిమోగ్లోబిన్ పరీక్ష అవసరము. మధుమేహమును అదుపులో నుంచి, పంటి చీము, పుండ్లు ముందే మాన్పుకొనవలెను. సూక్ష్మజీవులు కొత్త కీలును చేరినచో వానిని నిర్మూలించుట కష్టము. వ్యవధి ఎంతయో వైద్యుడే నిర్ణయించును.

విద్యార్థులారా, బడి మెట్లు దిగునపుడు తొడపై చేయి యుంచి చూడుడు. ఏ కాలి కండరము బిగియునో మీకే తెలియును.