పురానాపూల్ నుంచి పారిస్ దాకా

షాలిబండలో ఏ ఇరానీ హోటల్లోనైనా కూర్చుని, "ఒక్క విదేశీ నగరం చూపిస్తానంటే ఏది చూస్తావ్?" అని పక్క టేబుల్ వాళ్లని అడిగి చూడండి. చాయ్ చల్లారేలోగా నాలుగైదు పేర్లు వచ్చేస్తాయి. పెద్దవాళ్లు మక్కా, మదీనా అంటారు. కుర్రాళ్లు దుబాయి అంటారు. ఈమధ్య ఇస్తాంబుల్ పేరు కూడా గట్టిగా వినిపిస్తోంది. అది 2020లో ఉర్దూ మాటలతో వచ్చిన టర్కీ సీరియల్ 'ఎర్తుగ్రుల్' పుణ్యం. లండన్ అన్నవాడికి అక్కడ తమ్ముడో బావమరిదో ఉంటాడు. మంచు కొండలు, ఎత్తయిన టవర్లు అని మొదలుపెట్టేవాళ్లు తక్కువ. ఆ ఊళ్లో మనదేదో ఉందన్నదే వీళ్ల లెక్క. అలాంటి ఊళ్ల విశేషాలు కొన్ని పోగేశాను. అన్నిటికీ ఇవతలి కొస పాతబస్తీలోనే దొరికింది.

రెండు వంతెనలు, ఒకే ఏడు

పారిస్‌లో సేన్ నది మీద 'పాం నఫ్' అనే వంతెన ఉంది. ఫ్రెంచిలో ఆ మాటకు కొత్త వంతెన అని అర్థం. తమాషా ఏమిటంటే, ఇప్పుడు ఆ ఊళ్లో ఉన్న వంతెనలన్నిటిలోకీ పాతది అదే. మన మూసీ మీది పురానాపూల్ మాత్రం పేరుకు తగ్గట్టు పాత వంతెనే. ఇబ్రహీం కుతుబ్ షా దాన్ని 1578లో కట్టించాడు. సరిగ్గా ఆ ఏడాదే పారిస్‌లో మూడో హెన్రీ రాజు పాం నఫ్‌కు శంకుస్థాపన చేశాడు. వాళ్లది పూర్తయ్యేసరికి 1607 వచ్చింది. అప్పటికి మన వంతెన మీద మూడు దశాబ్దాలుగా బండ్లు తిరుగుతున్నాయి. చార్మినార్ కన్నా కూడా పురానాపూల్ 13 ఏళ్లు పెద్దది.

ఈ రెంటినీ పోల్చింది నేను కాదు. పదిహేడో శతాబ్దంలో వజ్రాల బేరానికి గోల్కొండ వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే పోల్చాడు. మూసీ మీది రాతి వంతెన పారిస్‌లోని పాం నఫ్‌కు అందంలో పెద్దగా తీసిపోదని రాసిపెట్టాడు. ఊరి వైశాల్యం చెప్పడానికి తమ దేశంలోని ఓర్లియాం పట్టణాన్ని కొలబద్దగా తీసుకున్నాడు. అతని కళ్లకు మనదే విదేశీ నగరం, చూసి తీరవలసిన ఊరు.

అప్పటికి మక్కా మసీదు ఇంకా కడుతూనే ఉన్నారు. అందులో ఒక్క రాయిని గనిలోంచి తీయడానికే అయిదారు వందల మంది అయిదేళ్లు పనిచేశారనీ, లాక్కురావడానికి 1400 ఎడ్లు పట్టాయనీ తనకు చెప్పిన మాటని తవెర్నియే గ్రంథస్థం చేశాడు. ఎడ్లను లెక్కపెట్టిందెవరో గానీ, ఆ మసీదు లోపలి రాళ్లను చూసినవాళ్లకి అది అతిశయోక్తి అనిపించదు.

నకలు ముందు, అసలు తర్వాత

హైదరాబాద్‌ను ఇరాన్‌లోని ఇస్ఫహాన్ చూసి కట్టారని గైడ్లందరూ చెప్తారు. ఊరి నమూనా గీసిన మీర్ మోమిన్ ఇరాన్‌వాడే. ఇప్పుడు గోర్గాన్ అని పిలిచే అస్తరాబాద్ నుంచి 1581లో గోల్కొండ వచ్చాడు. కొత్త ఊరు కొత్త ఇస్ఫహాన్‌లా ఉండాలని ఆయన అనుకున్న మాట చరిత్రలో ప్రసిద్ధం.

అయితే తేదీలు పక్కపక్కన పెడితే నవ్వొస్తుంది. చార్మినార్ 1591 నాటిది. ఇస్ఫహాన్‌ను షా అబ్బాస్ రాజధాని చేసుకున్నది 1598లో. ఇవాళ యాత్రికులు ఎగబడి చూసే నఖ్ష్-ఎ-జహాన్ మైదానం, దాని చుట్టూ ఉన్న మసీదులు అన్నీ ఆ తర్వాతే వచ్చాయి. అంటే ఇస్ఫహాన్ ఆ వైభవం సంతరించుకునేసరికి మన చౌరస్తా సిద్ధంగా ఉంది. ఇస్ఫహాన్ వెళ్లే హైదరాబాదీ ఎవరైనా ఈ ముక్క అక్కడి గైడుకి చెప్పి రావాలని నా కోరిక.

మీర్ మోమిన్ ఇక్కడే 1625లో కన్నుమూశాడు. సుల్తాన్‌షాహీ దగ్గర ఆయన పేరు మీదున్న దాయిరా శ్మశానంలో కర్బలా నుంచి తెప్పించిన మట్టి కలిపారని ప్రతీతి. అలా ఇరాక్‌లోని మరో నగరం కూడా పాతబస్తీ నేలలో చేరింది.

ఇరాన్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఇరానీ చాయ్ తాగుదామని ఇరాన్ వెళ్తే నిరాశే. అక్కడ పాలు కలపరు. నల్ల చాయ్‌ని, పంటి కింద చక్కెర గడ్డ పెట్టుకుని చప్పరిస్తారు. చిక్కటి పాలతో మనం తాగేది హైదరాబాద్ చాయే.

వజ్రాలు చూడాలంటే వీసాలు కావాలి

గోల్కొండ రాజ్యపు వజ్రాలు కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి గనుల్లో పుట్టాయి, కార్వాన్‌లో బేరమయ్యాయి. వాటిని చూడాలంటే మాత్రం ప్రపంచమంతా తిరగాలి. కోహినూర్ లండన్ టవర్‌లో ఉంది. 140 క్యారెట్ల రీజెంట్ పారిస్‌లోని లూవ్ర్‌లో, దరియా-ఎ-నూర్ టెహరాన్‌లో, ఓర్లోవ్ మాస్కో క్రెమ్లిన్‌లో ఉన్నాయి. నీలి రంగు హోప్ వజ్రం వాషింగ్టన్‌లో ఉంది. వంతెనను మెచ్చుకున్న తవెర్నియే ఊరికే పోలేదు. హోప్‌కు మూలమైన పెద్ద నీలి రాయిని పట్టుకుపోయి పద్నాలుగో లూయీకి అమ్మింది ఆయనే.

ఆ పేరు మీద మోజుతో అమెరికాలో ఊళ్లకే గోల్కొండ అని పెట్టుకున్నారు. ఇలినాయ్‌లో ఒకటి, నెవాడాలో ఒకటి ఉన్నాయి.

రోమ్‌లో కొన్నారు, పారిస్‌లో పడ్డారు

మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ వెళ్లారు. నిజాం ప్రధాని హోదాలో మహావైభవంగా సాగాల్సిన యాత్ర అది. పారిస్ హోటల్లో మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరిగింది. ఆ కాలితోనే ఇంగ్లండ్ చేరారు. ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేటు అందుకున్నారు, లండన్ నగర గౌరవ పౌరసత్వం కూడా తీసుకున్నారు. మనలో ఎవరికైనా విదేశంలో కాలు మడతపడితే తిరుగు టికెట్టు కోసం వెతుక్కుంటాం!

ఆ ప్రయాణంలోనే రోమ్ నగరంలో బెంజోనీ అనే శిల్పి చెక్కిన రెబెకా బొమ్మను కొన్నారు. ముసుగు వెనక ముఖం కనిపిస్తుంది, ముసుగూ కనిపిస్తుంది. రెండూ ఒకటే పాలరాయి. ఇసాకును మొదటిసారి చూసిన సిగ్గుతో మేలిముసుగు వేసుకున్న బైబిల్ వధువు ఆమె. సాలార్‌జంగ్ మ్యూజియంలో జనం ఎక్కువసేపు నిలబడే చోట్లు రెండు. ఒకటి ఈమె ముందు, రెండోది గంట కొట్టే గడియారం ముందు. గడియారం దగ్గర గంటకోసారి గుంపు కడతారు. రెబెకా దగ్గర ఎప్పుడూ ఉంటారు.

బెంజోనీ ఇలాంటి రెబెకాలను ఒకటికి మించి చెక్కాడు. వాటిలో ఒకటి అట్లాంటాలోని హై మ్యూజియంలో ఉంది. అట్లాంటాలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పనక్కర్లేదు. అక్కడ మీ చుట్టాలుంటే ఓసారి చూసి రమ్మనండి, మన సాలార్‌జంగ్ గుర్తొస్తుంది.

నీస్‌లో పెళ్లి, ఇస్తాంబుల్ కోడళ్లు

టర్కీలో ఖిలాఫత్ రద్దయింది 1924లో. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను కుటుంబంతో సహా దేశం దాటించారు. ఆయన ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ నగరంలో స్థిరపడ్డారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆయనకు నెలనెలా డబ్బు పంపేవారు. 1931 నవంబర్ 12న అదే నీస్‌లో రెండు పెళ్లిళ్లు ఒకేసారి జరిగాయి. ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్ నిజాం పెద్ద కొడుకు ఆజం జాను చేసుకుంది. ఆమె బంధువు నీలోఫర్ చిన్న కొడుకు మోజం జాను చేసుకుంది. ఇద్దరూ ఇస్తాంబుల్‌లో పుట్టినవాళ్లే.

దుర్రుషెహ్వార్ పేరు పురానీ హవేలీలో పిల్లల ఆసుపత్రికి ఉంది. నీలోఫర్ పేరు తెలియని తల్లి తెలంగాణలో ఉండదు. రెడ్‌హిల్స్ ఆసుపత్రి ముందు చెట్టు కింద టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చున్నవాళ్లలో ఆ పేరుగల మనిషి ఇస్తాంబుల్ ఆడపడుచు అని తెలిసినవాళ్లు ఎందరు? ఆమె 1989లో పారిస్‌లోనూ, దుర్రుషెహ్వార్ 2006లో లండన్‌లోనూ కన్నుమూశారు. కోడళ్లిద్దరి ఆఖరి ప్రయాణం ఇక్కడిదాకా సాగలేదు.

దుర్రుషెహ్వార్ కొడుకు ముకర్రం జా మాత్రం వచ్చాడు, ఆఖరి ప్రయాణంలో. 1933లో నీస్‌లో పుట్టాడు, 1967లో చౌమహల్లా ప్యాలెస్‌లో ఎనిమిదో నిజాంగా పట్టం కట్టుకున్నాడు. తర్వాత రాజభోగాలు, కోర్టు గొడవలు వదిలేసి పశ్చిమ ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల క్షేత్రం కొనుక్కున్నాడు. ఇష్టమైన విదేశీ నగరం ఏదంటే ఆయన ఏం చెప్పేవాడో, పెర్త్ అనేవాడో, ఇస్తాంబుల్ అనేవాడో! 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో చనిపోయాడు. నాలుగు రోజులకు మక్కా మసీదు ఆవరణలో, తండ్రి సమాధి ఉన్నచోటే మట్టిలో కలిశాడు. ఆ రోజు ఆఖరి చూపు కోసం చౌమహల్లా ముందు వరుసలో నిలబడ్డవాళ్లలో చాలామంది ఆయన్ని ఎన్నడూ చూడనివాళ్లే.

బార్కాస్‌లో ముకల్లా

చాంద్రాయణగుట్ట దాటితే బార్కాస్. ఇంగ్లీషు బ్యారక్స్ నోరు తిరిగి తిరిగి బార్కాస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి నిజాం కొలువుకు వచ్చిన అరబ్ సిపాయిల బస అది. ఇప్పటికీ అక్కడి మగవాళ్లు లుంగీల మీదే బజారుకు వస్తారు, పొద్దున్నే హరీస్ తింటారు. మన హలీంకు పెద్దన్న ఈ హరీసే. మండీ అని ఇవాళ ఊరంతా బోర్డులు కనిపిస్తున్నాయి కదా, అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తినే ఆ అన్నం కూడా హద్రమౌత్‌దే. 

అసలు విశేషం ఇది కాదు. హద్రమౌత్ తీరంలో ముకల్లా అనే రేవు పట్టణం ఉంది. దాన్ని 1967 దాకా ఏలిన అల్ ఖుఐతీ సుల్తానుల వంశం నిజాం సైన్యంలో జమేదార్లుగా ఎదిగింది. ఇక్కడ సంపాదించిన డబ్బుతో, పలుకుబడితో అక్కడ రాజ్యం కట్టుకున్నారు. ముకల్లాలోని సుల్తాన్ కోటలో మన దేశపు కట్టడాల పోలిక కనిపిస్తుంది. గల్ఫ్ వెళ్లి సంపాదించి ఇక్కడ ఇల్లు కట్టుకోవడం మనకు తెలుసు. హైదరాబాద్ వచ్చి సంపాదించి అరబ్ దేశంలో కోట కట్టుకున్నవాళ్లు వీళ్లు.

ఆ అరబ్ సిపాయిలతోనూ, ఆఫ్రికా సిద్దీలతోనూ వచ్చిన మర్ఫా వాద్యం ఇప్పుడు అందరిదీ అయింది. మా ఇంట్లో చివరి పెళ్లి ఊరేగింపులో బ్యాండుమేళం వద్దని పిల్లలు పట్టుబట్టి మర్ఫా పెట్టించారు. మా పెద్దనాన్న మొదట ముఖం చిట్లించాడు. గల్లీ మలుపు తిరిగేసరికి ఆయనే భుజం మీది కండువా తిప్పుతున్నాడు.

మరికొన్ని, గబగబా

పత్తర్‌గట్టి ముత్యాల దుకాణాల్లో పాత హారం తీసి 'బస్రా మోతీ' అంటారు. బస్రా ఇరాక్ రేవు. పర్షియా సింధుశాఖలో తీసిన ముత్యాలు ఆ ఊరి బజారు దాటి వచ్చేవి కాబట్టి ఆ పేరు. సరస్వతీ దేవి బాసరకూ దీనికీ సంబంధం లేదు.

కరాచీలో బహాదురాబాద్ అనే పేట ఉంది. అక్కడి కూడలిలో చిన్న చార్మినార్ కట్టుకున్నారు. ఊరు వదిలిపోయినవాళ్లు బెంగ తీర్చుకునే తీరు అది.

వివేకానందుడు షికాగో వెళ్లక ముందు 1893 ఫిబ్రవరిలో ఇక్కడికి వచ్చారు. నవాబ్ ఖుర్షీద్ జా ఆయన మాటలు విని ప్రయాణ ఖర్చుకు వెయ్యి రూపాయలు ఇస్తానన్నారు. స్వామి అప్పటికి వద్దన్నారు. హుస్సేనీ ఆలంలో ఆ నవాబు దేవిడీ ఇంకా నిలిచే ఉంది.

మక్కాలో మన గది

మక్కా నేను చూసే ఊరు కాదు, ముస్లింలు తప్ప వేరేవాళ్లు వెళ్లకూడదు. అయినా దాని రుచి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మా గల్లీలో ఎవరు హజ్ నుంచి వచ్చినా ఇంటింటికీ ఖర్జూరాలు పంపేవారు. పక్కింటి చాచా అయితే చిన్న సీసాలో జమ్‌జమ్ నీళ్లు కూడా పోసిచ్చేవాడు. "అమ్మకు కూడా ఇవ్వు బేటా" అనేవాడు. మా అమ్మ దాన్ని తీర్థంలా దేవుడి గూట్లో పెట్టి, అందరికీ చుక్క చుక్క పంచేది.

మక్కాలో హైదరాబాద్ రాజ్యం పేరిట 'రుబాత్' అనే ఉచిత వసతి గృహం ఉందని చాచా చెప్పాకే తెలిసింది. నిజాముల కాలంలో ఇక్కడి యాత్రికుల కోసం ఏర్పాటు చేశారు. ఆ రాజ్యం 1948లో పోయింది, అయినా వసతి మిగిలింది. ఇప్పటికీ పాత హైదరాబాద్ రాజ్యపు జిల్లాల వాళ్లకే అందులో చోటు. తెలంగాణతో పాటు మరాఠ్వాడా, కర్ణాటకలో కలిసిన జిల్లాల వాళ్లూ వస్తారు. గదులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి చీటీలు తీసి పంచుతారు. దేశపటంలో లేని రాజ్యానికి మక్కాలో గది ఉండడం కన్నా గొప్ప విశేషం నాకు ఇంకోటి తట్టలేదు.

ఇవన్నీ ఒక్కరోజులో చూడాలనుకుంటే పొద్దున్నే పురానాపూల్ దగ్గర మొదలుపెట్టండి. ఇప్పుడు దాని మీద కూరగాయల బండ్లుంటాయి, దారి చూసుకుని నడవాలి. తర్వాత సాలార్‌జంగ్, పురానీ హవేలీ, మక్కా మసీదు, చౌమహల్లా చూసుకుని రాత్రి భోజనానికి బార్కాస్ చేరుకోండి. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి. ఆ రోజు సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు, రెబెకా కనిపించదు.